మిషన్‌లో కట్టిన కొత్తిల్లు

బాన్సువాడలో నాకు రెండు ఇళ్ళున్నాయి. ఒకటి కిరాయిది, రెండు గదులూ ఒక వంటిల్లూ. రెండోది ఎవరి కంటికీ కనబడదు. దాన్ని నేనే కట్టాను, చక్కెర ఫ్యాక్టరీలో ఒక నల్లటి పెట్టె లోపల, శనివారం పొద్దున, కొబ్బరికాయ కొట్టించి మరీ. ఆ రెండో ఇల్లు పనికొస్తేనే మొదటి ఇంట్లో నేనుంటాను. లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. పొరపాటు మాత్రం మొదటి ఇంట్లోనే మొదలైంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

మాది పెద్ద కొడప్‌గల్. ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి కాపురంలో పెరిగాను. దువ్వెన కూడా నాదని చెప్పుకోవడానికి ఉండేది కాదు, పొద్దున్నే ఎవరి చేతికి దొరికితే వాళ్ళదే. నా భర్త దిలీప్‌ది వర్ని. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు కొనుక్కుని ఇక్కడే స్థిరపడ్డారు. కాలేజీలో ఒకరినొకరం ఇష్టపడి, రెండిళ్ళ వాళ్ళనూ ఒప్పించి పెళ్ళి చేసుకున్నాం. ఒప్పించడానికి పట్టిన కాలంలో ఇంకో డిగ్రీ చదివేసేవాళ్ళం. కొన్నాళ్ళు వర్నిలో అత్తమామల దగ్గరే ఉన్నాం. తర్వాత దిలీప్ బాన్సువాడ బస్టాండు ఎదురుగా మొబైల్ షాపు పెట్టాడు, నాకు ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో ఉద్యోగం వచ్చింది, ఈ రెండు గదులు దొరికాయి. తాళంచెవి చేతికొచ్చిన రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నవ్వితే నవ్వండి.

కొత్తింట్లోకి పాత చీపురు తీసుకెళ్ళకూడదని మా అత్తమ్మ నాగేంద్రమ్మే నాకు చెప్పింది. అలా చెప్పినందుకు ఆమె ఇప్పటికీ నాలుక కరుచుకుంటూ ఉంటుంది. నేను ఆ మాటను పట్టుకుని సాగదీశాను. చీపురే కాదు, చేట వద్దు, గిన్నెలు వద్దు, దుప్పట్లు వద్దు, పాత ఇంటి నుంచి పూచికపుల్ల కూడా ఈ గడప దాటకూడదని తీర్మానం చేశాను. అత్తమ్మ మీద కోపం ఏమీ లేదు. నాకు నాదంటూ ఒకటి కావాలి, అంతే. గృహప్రవేశం రోజు ఆమె ఆటోలోంచి గ్రైండర్ దింపించింది. ఇడ్లీ పిండి రుబ్బే ఆ గ్రైండర్ ఆమెకు ప్రాణం. గడప ముందు నిలబడి, "గిన్నెలొద్దన్నావు, సరే. గ్రైండరేం పాపం చేసిందే?" అని అడిగింది. నేను నవ్వుతూ తల అడ్డంగా ఊపాను. ఆమె దాన్ని మళ్ళీ ఆటో ఎక్కించింది. ఆ రోజు పాలు పొంగుతున్నంతసేపూ నాకు లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు, మా కొడప్‌గల్ వాళ్ళకు ఆ జబ్బు ఉంది.

ఒక కుక్కరూ, ఒక పెనమూ, రెండు కంచాలతో మా కాపురం మొదలైంది. పప్పు ఉడికాక కుక్కర్ కడిగి అందులోనే అన్నం, అన్నం తిన్నాక అందులోనే టీ. మాకు అదే పండగ. ఇడ్లీ ఒక్కటే లోటనుకుంటే దిలీప్ దానికీ దారి చూపించాడు. బస్టాండు వెనక లింగవ్వ అని ఒక పెద్దామె పిండి రుబ్బి అమ్ముతుందట. రెండ్రోజులకోసారి స్టీలు డబ్బాలో తెచ్చేవాడు. ఎంత బాగుండేదో ఆ పిండి. ఒకరి ఇంటి డబ్బాను ఖాళీగా తిరిగి పంపడం మా ఇంటా వంటా లేదు కాబట్టి ప్రతిసారీ గుప్పెడు చక్కెర పోసి పంపేదాన్ని. దీపావళికి జాకెట్ గుడ్డ కూడా పంపాను, ఆకుపచ్చది, జరీ అంచుతో. ఆమెను ఒకసారి చూస్తానంటే దిలీప్ ఏదో ఒక సాకు చెప్పేవాడు: ఊరికి పోయింది, మోకాళ్ళ నొప్పులు, మనిషికి సిగ్గెక్కువ. ఒక పొద్దున షాపుకు ఫోన్ చేస్తే వెనక గరగరమని చప్పుడు వినిపించింది. రోడ్డు తవ్వుతున్నారన్నాడు. బాన్సువాడలో రోడ్డు తవ్వుతున్నారంటే ఎవరైనా నమ్ముతారు.

నేను ఊరుకోకుండా అత్తమ్మతో ఫోన్లో లింగవ్వను తెగ పొగిడాను. ఏం మెత్తగా రుబ్బుతుందో, ఏం కొలత కుదురుతుందో, మీరు ఏమీ అనుకోకండి గానీ మన వర్ని పిండి కన్నా ఒక పిసరు మేలేనని కూడా అన్నాను. అవతల అత్తమ్మకు దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది.

ఇక ఆ నల్లటి పెట్టె సంగతి. దాన్ని మిడ్‌రేంజ్ సర్వర్ అంటారు. బల్ల మీది కంప్యూటర్ లాంటి చిన్నదీ కాదు, గదులకు గదులు నింపేంత పెద్దదీ కాదు, నడిమి రకం. చెరకు రైతుల పేర్లు, ఎకరాలు, కాటా మీద తూకాలు, ఎవరి పొలం ఎప్పుడు కోయాలన్న వరస, మొత్తం దాని కడుపులోని డేటాబేస్‌లోనే ఉంటాయి. ఎన్నో ఏళ్ళుగా ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మా గది మేనేజర్ దేవిదాస్ సార్ బీర్కూర్ వైపు రైతు కుటుంబం మనిషి. దసరాకు ఆ పెట్టెకు ఆయనే బొట్టు పెడతారు, దుమ్ము ఆయనే తుడుస్తారు, దాని ముందు ఎవరైనా తుమ్మితే ఆయనకు నచ్చదు.

నేను కొబ్బరికాయ కొట్టించిన ఆ వారమే హైదరాబాద్ ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఈ సీజన్ నుంచి కటింగ్ ఆర్డర్, అంటే చెరకు ఎప్పుడు కోయాలన్న మాట, రైతు ఫోనుకే మెసేజ్‌గా వెళ్ళాలి. రైతులు వరస ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి బస్సెక్కి ఫ్యాక్టరీ గేటు దాకా రావడం ఇక ఉండకూడదు. మాట మంచిదే, దాని తోక మాత్రం మంచిది కాదు. శనివారం సాయంత్రానికి ఒక్క మెసేజ్ అయినా ఈ మిషన్ నుంచి వెళ్ళకపోతే దాన్ని ఆపేసి, పనంతా హైదరాబాద్‌కు మార్చేస్తారు. దేవిదాస్ సార్ నన్ను కూర్చోబెట్టి, "నువ్వు గుడ పట్నం పోవుడో, కొలువు ఇడిసిపెట్టుడో, రెండిట్ల ఒకటి అమ్మా," అన్నారు. దిలీప్ షాపు ఇంకా నిలదొక్కుకోలేదు. నా ఉద్యోగం పోతే రెండు గదులు పోయినట్టే, మళ్ళీ వర్నికే. వర్ని మంచి ఊరు. కానీ నా తాళంచెవి అక్కడ ఏ తాళానికీ పట్టదు.

అయ్యేపనే సార్, నేను చేస్తానని గట్టిగా చెప్పేశాను.

ఆయన షరతు ఒక్కటే, పాత సామాను ఏదీ కదలకూడదు. కాటా లెక్కలు, జీతాల లెక్కలు నడిచే చోట కొత్త పనిముట్లు వేసి, ఏదైనా పాడైతే ఊరంతా నన్నే తిడుతుంది. దానికి ఒక ఉపాయం ఉంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అని దాని పేరు. పేరు పెద్దదే కానీ సంగతి చిన్నది. మిషన్ లోపలే ఒక మూల గోడ కట్టి వేరు కాపురం పెట్టడం. మనకు కావలసిన ప్యాకేజీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన పనిముట్లు, ఆ గోడ లోపలే దింపుకోవచ్చు. పెద్దింట్లో, అంటే మిగతా మిషన్‌లో, గ్లాసు కూడా కదలదు. ఇలా చెప్పగానే దేవిదాస్ సార్ ముఖం వెలిగింది. కొత్తిల్లయితే పాత వాసన ఏదీ లోపలికి రావద్దన్నారు. నాకు ఆ మాట తేనెలా వినిపించింది. నా మనసులో మాటే కదా మరి.

ముహూర్తం శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టారు. మిషన్ గది బయట కొబ్బరికాయ కొట్టారు. టీ కాచే కెటిల్‌లో ఆయనే పాలు పోసి పొంగించారు. పాలు తూర్పు వైపుకు పొంగాయని ఆయన సంబరం. కెటిల్ మూతి అటే ఉందని నేను చెప్పలేదు. లోపలికెళ్ళి, లాప్‌టాప్‌లోంచి మిషన్‌తో మాట కలిపి, ఒక్క వరుస టైప్ చేశాను. కొత్తిల్లు లేచింది. దానికి కొత్తిల్లు అనే పేరు పెట్టాను.

తర్వాత ప్యాకేజీలు పిలిచాను. మెసేజ్ పంపే ప్యాకేజీ పిలిచీ పిలవగానే వచ్చి కూర్చుంది, తనకు కావలసిన తోడు ప్యాకేజీలను కూడా వెంటబెట్టుకొచ్చింది. తేదీలు చూసే ప్యాకేజీ వచ్చింది. నేను కుర్చీలోనే ఊగుతున్నాను. ఇక మిగిలింది అసలైనది, మిషన్ కడుపులోని డేటాబేస్‌తో మాట్లాడించే ప్యాకేజీ. దాన్ని పిలిచాను. వచ్చింది, కానీ పచ్చి సరుకుగా వచ్చింది. నన్ను ఇక్కడే తయారు చేసుకో అంది. తయారు చేసే సాధనాలు ఆ మిషన్‌లో లేవు. తెర నిండా ఎర్ర అక్షరాలు. ఇంకో వెర్షన్ పిలిచాను, ఇంకా ఎర్రగా వచ్చింది. దేవిదాస్ సార్ నా వెనకే నిలబడి, ఎరుపు శుభమేగా అని అడిగారు. ఇక్కడ కాదు సార్ అన్నాను.

అప్పుడు బుద్ధిగా మిషన్ తయారు చేసినవాళ్ళ పేజీలు తెరిచి చదివాను. ముందే చదవాల్సింది, కానీ సంతోషంలో ఎవరు చదువుతారు. ఈ రకం మిషన్‌కు సరిపడేలా వండి వార్చిన డేటాబేస్ ప్యాకేజీ వేరే ఉందట. దాన్ని బయట అంగడి నుంచి కాకుండా మిషన్ సొంత కొట్టు నుంచి తెచ్చుకోవాలి. అది దిగేది మాత్రం పెద్దింట్లోనే. దేవిదాస్ సార్‌ను ఒప్పించడానికి అరగంట పట్టింది. పాతదేదీ కదలదు, ఒక మూల కొత్తది చేరుతుంది, అంతేనని చెప్పాను. చివరికి ఆయన ఆ నల్లటి పెట్టెకు దండం పెట్టుకుని సరే అన్నారు. ప్యాకేజీ దిగింది. పెద్దింట్లో నిలబడి డేటాబేస్‌ను పలకరిస్తే టకీమని బదులిచ్చింది. చప్పట్లు కొట్టుకుంటూ కొత్తింట్లోకి వెళ్ళి అదే పలకరింపు పలకరించాను. అలాంటి ప్యాకేజీ ఏదీ లేదని తెర చెప్పింది.

మళ్ళీ అడిగాను. లేదు. పెద్దింట్లో ఉంది, కొత్తింట్లో లేదు. గోడకు అటు పక్క ఉన్నది ఇటు పక్క కనబడదు. మధ్యాహ్నం దాటింది, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి, ఇంకోపక్క ఏడుపు ముంచుకొస్తోంది. రెండు గదులూ, కుక్కరూ, కిటికీలోంచి సాయంత్రం పూట పడే ఎండా, అన్నీ ఒక్కొక్కటే చేయి జారిపోతున్నట్టు అనిపించింది.

టిఫిన్ డబ్బా తెరిచాను. లింగవ్వ పిండితో వేసిన ఇడ్లీలు. చట్నీ లేదు, చట్నీ చేయడానికి మిక్సీ లేదు. పాత ఇంటి నుంచి ఏదీ వద్దన్నది నేనే కదా అనుకుంటూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఆ ముక్క అక్కడే ఆగిపోయింది. వద్దన్నది నేనే. ఇక్కడా నేనే. ఇల్లు కట్టేటప్పుడు ఎదురు చెప్పకపోతే మిషన్ దాన్ని పెద్దింటి నుంచి పూర్తిగా వేరుచేసేస్తుంది, అది దాని పద్ధతి. పెద్దింటి సామాను కూడా కనబడాలని మనం చెబితేనే కనబడుతుంది. పాత వాసన రావద్దన్న ఉత్సాహంలో నేను ఆ మాటే చెప్పలేదు. గ్రైండర్‌ను ఆటో ఎక్కించినట్టే ఈ ప్యాకేజీనీ గడప బయటే ఆపేశాను. నాకు నవ్వు ఆగలేదు. ఇడ్లీ గొంతుకు అడ్డం పడి దగ్గుతూ, నవ్వుతూ ఉంటే దేవిదాస్ సార్ నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

సంగతి చెబితే ఆయన ముఖం పాలిపోయింది. పాలు పొంగించిన ఇంటిని పొంగించిన రోజే కూల్చుతావా అన్నట్టు చూసి, "గోడ పలగ్గొట్టుడు ఏం లేదు గద?" అని మెల్లగా అడిగారు.

"లేదు సార్. తలుపుకు గడియ తీసుడే," అన్నాను.

అది నిజమే. కొత్తింట్లో ఒక చిన్న ఫైలు ఉంటుంది, అందులో ఒక వరుస: పెద్దింటి సామాను ఇక్కడ కనబడాలా అన్న దానికి పక్కన వద్దు అని ఉంది. ఆ వద్దును అవును చేసి, ఫైలు మూశాను. ఏ ఇటుకా కదలలేదు. నేను దింపుకున్నవి నా దగ్గరే ఉన్నాయి, పెద్దింట్లోవి పెద్దింట్లోనే ఉన్నాయి, మధ్యలో తలుపు తెరుచుకుంది. డేటాబేస్‌ను పలకరించాను. బదులొచ్చింది. దేవిదాస్ సార్ రెండు చేతులూ పైకెత్తి, వెంటనే ఎవరైనా చూశారేమోనని దించేశారు.

మొదటి మెసేజ్ ఎవరికి పంపాలంటే నాకు కంఠతా వచ్చిన రైతు నంబరు ఒక్కటే, మా మామయ్య ఏడుకొండలుది. కాలువ కింద వరి పోను ఒక ముక్కలో ఆయన చెరకు వేస్తాడు. మిషన్ తన కడుపులో వెతికి ఆయన పేరు, ఆయన వరస తీసి, కొత్తింటి దారిన ఫోనుకు పంపింది. ఆ మెసేజ్ నకలు దేవిదాస్ సార్ హైదరాబాద్‌కు పంపారు. అటు నుంచి ఫోన్ వచ్చేదాకా ఇద్దరం గదిలో పచార్లు చేశాం. వచ్చింది. మిషన్ అక్కడే ఉండనివ్వండి, ఆ అమ్మాయిని కూడా అన్నారట. సార్ ఆ మాట నాకు మూడుసార్లు చెప్పారు. నేను మూడుసార్లూ కొత్తగా విన్నాను.

అంతలో నా ఫోన్ మోగింది. అత్తమ్మ. మామయ్య ఫోన్లో చెరకు వరస తెలుగులో వచ్చిందని, చదివి వినిపిస్తే ఆయన నమ్మక మళ్ళీ చదవమన్నాడని, "నువ్వు పంపావని నాకు తెలుసులే," అని చెప్పింది. ఆ గొంతులో గర్వం విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆగలేకపోయాను.

"అత్తమ్మా, ఆ గ్రైండర్ నాకు గావాలె. పంపిస్తరా?"

అడిగేశాక కోపం వస్తుందేమోనని భయపడ్డాను. అవతల ఆ దగ్గు మొదలైంది. ఈసారి అది దగ్గు కాదని అర్థమైంది.

"ముందు మీ ఆయన షాపుకెళ్ళి, వెనక గదిలో చూడవే," అంది.

ఫ్యాక్టరీ గేటు నుంచి బస్టాండు దాకా షేర్ ఆటోలో వెళ్ళాను. పక్కన కూర్చున్నవాళ్ళకు ఎవరూ అడక్కపోయినా నా మిషన్ సంగతి చెప్పాను. షాపులో దిలీప్ ఎవరిదో ఫోనుకు అద్దం అతికిస్తున్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు. నేను ఆగకుండా తెర తొలగించి వెనక గదిలోకి వెళ్ళాను. ఖాళీ మొబైల్ డబ్బాల మధ్య, స్టూలు మీద, ఆకుపచ్చ జాకెట్ గుడ్డ కప్పుకుని కూర్చుంది గ్రైండర్. జరీ అంచు ముందుకు వచ్చేలా చక్కగా కప్పాడు. పక్కన గాజు సీసా నిండా చక్కెర. సీసా నిండిపోతే ఇంకో సీసా.

"ఏం లింగవ్వా, మంచిగున్నవా?" అని గ్రైండర్‌ను పలకరించాను.

దిలీప్ తల గోక్కుంటూ అంతా చెప్పాడు. గృహప్రవేశం రోజే అత్తమ్మ ఆటోను ఇక్కడికి మళ్ళించిందట. బియ్యం, మినప్పప్పు కొలిచి కట్టిన పొట్లం ఆమె రెండ్రోజులకోసారి వర్ని బస్సులో పంపేది. దిలీప్ షాపు తెరవకముందే రుబ్బేవాడు. ఆ గరగర అదే. చక్కెర ఏం చేయాలో తెలియక వచ్చినవాళ్ళందరికీ టీలో వేసేవాడు, రెండు చెంచాలు ఎక్కువే.

"గ్రైండర్ గడప దాటకపోతే చాలు, పిండి దాటితే తప్పులేదని అమ్మ అంది," అన్నాడు.

నేను కట్టిన గోడకు మొదటి రోజు నుంచీ తలుపు ఉంది. అది నాకొక్కదానికే కనబడలేదు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు. షాపులో కూర్చున్నాయన అద్దం సంగతి మరచిపోయి మమ్మల్నే చూస్తున్నాడు. ఆయనకు కూడా చక్కెర ఎక్కువ వేసి టీ ఇచ్చాం.

గ్రైండర్‌ను స్కూటర్ మీద ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. తాళం తీసి, కుడికాలు ముందు పెట్టి లోపలికి నడిచాను. ఆదివారం నా వంటింట్లో నా చేత్తో మొదటిసారి పిండి రుబ్బాను. ఇంటి ఓనరమ్మ వచ్చి చప్పుడేంటని అడిగితే లింగవ్వ వచ్చిందని చెప్పాను. ఆ స్టీలు డబ్బా నిండా పిండి పోసి సోమవారం పొద్దున వర్ని బస్సులో పంపించాను. డబ్బాను ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు కదా.

మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసింది. ఎలా ఉందని భయంభయంగా అడిగాను.

"బాగానే ఉందే. కానీ లింగవ్వ పిండంత లేదు," అంది.